బాస్ చేపకు చేసిన గాలం, మన కొర్రమీనుకు: కర్నూలు నీళ్ళలో వాడి చూసిన సామాను

అమెరికాలో బాస్ చేప కోసం తయారుచేసే రాడ్డు, రీలు, ఎరగా వాడే రబ్బరు కప్పలు మన కొర్రమీనుకు పనికొస్తాయా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. పనికొస్తాయి, బాగా పనికొస్తాయి. కానీ డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి అనే లెక్క మాత్రం అక్కడిది ఇక్కడ కుదరదు. అక్కడివాళ్ళు రీలు గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. మన తుంగలో, గుర్రపుడెక్కలో, సుంకేసుల బ్యారేజీ కింద బండల్లో చేపను గట్టుకు చేర్చేది దారం, కొక్కెం. అందుకే నేను కొన్న సెట్టు గురించి ఆ వరసలోనే రాస్తున్నాను.

నేను కల్లూరు వైపు మోటర్లు వైండింగ్ చేస్తాను. ఎండాకాలమంతా బోరు మోటర్లు కాలిపోయి వస్తూనే ఉంటాయి, తల ఎత్తడానికి ఉండదు. వానలు పడి కాలువలకు నీళ్ళు వదిలాక కాస్త తీరిక దొరుకుతుంది. అప్పటినుంచి సంక్రాంతి దాకా ఆదివారం వచ్చిందంటే కేసీ కాలువ గట్టునో, సుంకేసుల దగ్గరో, గాజులదిన్నె రిజర్వాయర్ అంచునో ఉంటాను. చిన్నప్పటినుంచి వెదురు కర్ర, తంగూసు, బెండు, ఎర్రలతోనే పట్టాను. బాస్ సామాను అలవాటు చేసింది మా మేనల్లుడు. వాడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడికి తూర్పున లేక్ ఫోర్క్ అనే పెద్ద రిజర్వాయర్ ఉంది. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992లో అందులోనే పడింది. ప్రపంచ రికార్డు ఇంకా పాతది. 1932లో జార్జియాలో జార్జ్ పెరీ అనే ఆయన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటాకు దానికి సమానమైనది పడేదాకా దాని పక్కన ఇంకో పేరు చేరలేదు. పది కేజీల చేప కోసం ఇన్ని దశాబ్దాలుగా అన్ని లక్షలమంది వెతుకుతుంటే ఆ సామాను ఎంత నాజూకుగా తయారయిందో ఊహించుకోవచ్చు.

బాస్‌కూ కొర్రమీనుకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా వేట తీరు ఒకటే. నాచు నీడలో కదలకుండా కాచుకొని ఉండి, దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క దూకుతో మింగుతాయి. అందుకే ఆ కప్పలు ఇక్కడ కూడా పనిచేస్తున్నాయి. తేడా ఒకటుంది, అది మనకు కలిసొచ్చేదే. కొర్రమీను గాలి పీల్చే చేప. ఎంత దాక్కున్నా కొన్ని నిమిషాలకోసారి పైకి వచ్చి మూతి బయటపెట్టక తప్పదు. నీళ్ళ మీద ఆ గుటక చప్పుడు వినడం నేర్చుకుంటే చేప ఎక్కడుందో అదే చెబుతుంది. కాలువకు నీళ్ళు ఆపేసిన తర్వాత మిగిలిపోయే మడుగుల్లో రోహు, బొచ్చె తేలిపోయినా కొర్రమీను బతికే ఉంటుంది.

ఇక దారం. నేను వాడేది 30 పౌండ్ల బ్రెయిడ్. సన్నని పాలీఎథిలీన్ పోగులను జడలా అల్లిన దారం ఇది. 30 పౌండ్లంటే పదమూడున్నర కేజీలకు పైగా బరువు ఆపుతుంది, కానీ మందం చూస్తే మామూలు తంగూసులో 8 పౌండ్ల రకమంతే ఉంటుంది. సాగదు. చేప ముట్టిన కదలిక చేతికి ఉన్నదున్నట్టు తెలుస్తుంది, గట్టిగా లాగితే నాచు కాడలను కోసుకుంటూ వస్తుంది. నీళ్ళ మీద తేలుతుంది కాబట్టి రబ్బరు కప్ప ముక్కును కిందికి లాగదు. కొర్రమీను తగులుకున్న మరుక్షణం కాడల్లోకి దూరి చుట్టుకుంటుంది. అప్పుడు సాగే తంగూసుతో ఏమీ చేయలేం. 150 మీటర్లకు తొమ్మిది వందలు పెట్టాను, ఈ సెట్టు మొత్తంలో నాకు బాగా గిట్టుబాటైన ఖర్చు ఇదే.

దీనికి శత్రువు రాయి. సుంకేసుల కింద తుంగభద్ర బండల మధ్య బ్రెయిడ్ ఒకసారి రాసుకుంటే పోగులు లేస్తాయి, ఇంకోసారికి తెగుతుంది. అక్కడికి వెళ్తే చివర రెండు మూడు అడుగులు మందపాటి తంగూసు కలుపుకోవాలి. డబుల్ యూని ముడి చాలు. కాలువలో, తామర కుంటల్లో ఆ ముక్క అక్కర్లేదు, కప్పను నేరుగా బ్రెయిడ్‌కే కట్టొచ్చు. దానికి పాలొమార్ ముడి వేస్తాను. దారాన్ని రెండు పేటలు చేసి కన్నంలోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి కప్పను బయటికి తీయాలి. ఉమ్మితో తడిపి బిగించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

దారం చుట్టడం గురించి నాలుగు మాటలు చెప్పాల్సిందే, నా బతుకే చుట్టడం కాబట్టి. రీలులో దారం చుట్టే చక్రాన్ని స్పూల్ అంటారు. ఖాళీ స్పూల్ మీద నేరుగా బ్రెయిడ్ చుట్టకండి. జారుతుంది. పిడి తిప్పుతుంటే దారం కట్టంతా స్పూల్ మీద గిర్రున తిరుగుతూ ఉంటుంది, చేప మాత్రం ఇటు రాదు. ముందు తంగూసు కొన్ని వరసలు చుట్టి దాని మీద బ్రెయిడ్ ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు తడి గుడ్డలో పట్టుకొని టెన్షన్ ఇవ్వాలి. వదులుగా చుట్టిన వరస మీద గట్టి వరస పడితే కిందికి దిగబడి ఇరుక్కుంటుంది, మోటర్ కాయిల్‌లో తీగలు ఒకదాని కిందికి ఒకటి దూరినట్టే. విసిరినప్పుడు అక్కడ పట్టేసి కప్ప మధ్యలోనే ఆగిపోతుంది. స్పూల్ అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. నిండుగా చుడితే ఉంగరాలు ఉంగరాలుగా జారిపడి చిక్కులు పడుతుంది, మరీ తక్కువైతే దూరం పోదు.

రబ్బరు కప్ప దగ్గరికి వస్తే, బజారులో వంద రకాలున్నాయి. లోపల బోలుగా, మెత్తగా ఉండే ఒళ్ళు. పొట్ట కింద బరువు. వెనక జంట కొక్కెం, దాని మొనలు వీపుకు ఆనుకొని పైకి చూస్తుంటాయి. నాచు మీద లాగితే మొనలు దేనికీ తగలవు. చేప నోరు మూసి నొక్కినప్పుడు ఒళ్ళు అణిగి మొనలు బయటపడతాయి. పనంతా ఆ అణగడంలోనే ఉంది. కాబట్టి అంగట్లో కప్పను చేతిలోకి తీసుకోగానే బొటనవేలితో వీపు నొక్కండి. తేలిగ్గా అణిగి రెండు మొనలూ పైకి తేలాలి. మొండికేస్తే పక్కన పెట్టేయండి. కొర్రమీను తల రాయిలా ఉంటుంది కానీ నోటితో కప్పను నొక్కే బలానికి ఒక లెక్కుంది, గట్టి ప్లాస్టిక్‌ను అది అణచదు.

నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక చోట చవగ్గా వస్తున్నాయని అయిదు కప్పల ప్యాకెట్టు తెప్పించాను. రంగులు కళ్ళు తిప్పుకోనివ్వవు. కొక్కేలు మాత్రం మెత్తటి తీగ. గాజులదిన్నెలో మంచి చేప ఒకటి తగిలి, తుంగలోంచి పైకి వచ్చి, తోక ఒకసారి కొట్టి పోయింది. దారం లాగి చూస్తే కొక్కెం రెండు కొమ్ములూ చాపుకొని ఉన్నాయి. చేతి వేళ్ళతో మళ్ళీ వంచగలిగాను, దాన్నిబట్టి ఆ ఇనుము ఏపాటిదో చూడండి. మిగతా నాలుగూ పటకారతో వంచి చూశాను, నాలుగూ వంగాయి. అమ్మినవాళ్ళకు ఫోటోలు పంపితే "వాడిన వస్తువు వాపసు లేదు" అన్నారు. కొక్కెం వాడకుండా వంగుతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఇప్పుడు నేను వాడేవి మేనల్లుడు తెచ్చినవి, ఇక్కడ దొరికే మంచి రకంలో మూడు వందల యాభై పెట్టి కొన్నవి. ఒక్క మంచి కప్ప ధరకు చవక ప్యాకెట్టు మొత్తం వస్తుంది, నిజమే. అయినా మంచిదే కొనండి. రంగుల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. తెల్లారుజామున, సాయంత్రం మసక వెలుతురులో నల్లది. ఎండ ఉన్నప్పుడు పచ్చది. కింది నుంచి చూసే చేపకు కనబడేది నీడే కదా.

కప్ప కాళ్ళ దగ్గర రబ్బరు పోగులు పొడవుగా వస్తాయి. కత్తెరతో కొంచెం కత్తిరిస్తే కప్ప తేలిగ్గా అటూ ఇటూ తల తిప్పుతుంది. ఒక కాలు మరొకదాని కన్నా అర అంగుళం పొట్టిగా పెడితే ఇంకా బాగా తిరుగుతుంది. ఇది బాస్ పట్టేవాళ్ళ చిట్కా, మేనల్లుడు చెప్పాడు, ఇక్కడా అంతే బాగా పనిచేస్తుంది. కొన్ని విసుర్లకోసారి ఒళ్ళు పిండి లోపల చేరిన నీళ్ళు తీసేయాలి, లేకపోతే వెనక భాగం మునిగి చూడటానికి కప్పలా ఉండదు.

ఒకసారి సుంకేసుల దగ్గర వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు నన్నే చూసి, "ఏం సామీ, ఆ రబ్బరు కప్పకు చేప పడ్తాదా?" అన్నాడు.

"పడ్తాది పెద్దాయనా. ఆ తుంగ పక్కన ఇప్పుడే గుటక ఏసింది సూడు."

"ఏసింది గానీ, దాని మూతి మీద ఏయగాకు. అవతలికి ఏసి, నిదానంగా దాని మీదికి ఈడ్చుకురా."

ఆయన జన్మలో ల్యూర్, అంటే ఇట్లాంటి ఉత్తుత్తి ఎర, పట్టినవాడు కాదు. టెక్సాస్‌లో మావాడికి పడవ మీద గైడు నేర్పింది అక్షరాలా ఇదే మాట. గుటక వేసిన చోటికి నాలుగడుగులు అవతల వేశాను. ఆగి, లాగి, ఆగి, లాగి తెచ్చాను. తుంగ మొదట్లో నీళ్ళు ఉబ్బాయి, చప్పుడుతో కప్ప మాయమైంది. ఆ క్షణంలో చెయ్యి తనంతట తనే పైకి లేవబోతుంది. లేపకూడదు. చేప కప్పను నోట్లోకి తీసుకొని వెనక్కి తిరగాలి, దారంలో బరువు తెలియాలి, అప్పుడు లాగాలి. ఒక్క సెకను. ఆ సెకను చాలా పొడవుగా ఉంటుంది, అందులోనే ఈ ఆట రుచి అంతా. ఆ చేపను కాంటాకు తగిలిస్తే కేజీన్నరకు కాస్త పైన ఉంది. నల్లటి వీపు, పక్కన మెలికలు తిరిగిన చారలు, తడి మట్టి వాసన. పెద్దాయన దాన్ని చూసి తల ఊపి, నా కప్పను అడిగి తీసుకొని నొక్కి నొక్కి చూశాడు.

రాడ్డు 7 అడుగులది, మీడియం హెవీ పవర్ (అంటే కాస్త గట్టిది), ఫాస్ట్ యాక్షన్. ఫాస్ట్ అంటే కొన మాత్రమే వంగుతుంది, కింది భాగం గట్టిగా నిలబడి చేపను నాచులోంచి పైకి ఎత్తుతుంది. పిడికి పైన రాసి ఉండే అంకెలు చదవడం అలవాటు చేసుకోండి. నాదాని మీద పావు ఔన్సు నుంచి ఒక ఔన్సు దాకా అని ఉంది, అంటే 7 నుంచి 28 గ్రాములు. కప్ప పది పదిహేను గ్రాములు కాబట్టి సరిగ్గా మధ్యలో పడుతుంది. రెండు వేల అయిదు వందలకు ఇంతకంటే ఆశించనక్కర్లేదు. రెండు ముక్కలది తీసుకుంటే బండి మీద కాలి పక్కన పెట్టుకొని పోవచ్చు. కొనేముందు ఒక దూది ముక్కను ప్రతి గైడు రింగులోనూ దూర్చి తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే ఆ రింగులోని పింగాణీ పగిలినట్టు. కంటికి కనబడని ఆ పగులు బ్రెయిడ్‌ను బ్లేడులా కోస్తుంది. పార్సిల్‌లో తెప్పించుకునేవాళ్ళు గట్టి పైపులో పెట్టి పంపమని అడగండి. అట్టపెట్టెలో వచ్చిన రాడ్డు కొన విరిగి రావడం నాకు తెలిసినవాళ్ళలో ఒకరిద్దరికి జరిగింది.

రీలు షిమానో సియన్నా, 4000 సైజు స్పిన్నింగ్ రీలు. 1921లో మొదలై, తొలుత సైకిల్ ఫ్రీవీల్స్ తయారుచేసిన జపాన్ కంపెనీ అది. గేర్లు వాళ్ళకు తెలుసు, పిడి తిప్పగానే చేతికి తెలుస్తుంది. వాళ్ళ రకాల్లో ఇది దిగువ మెట్టుది, నేను రెండు వేల పైచిలుకు పెట్టాను. ఇంతకంటే పైరకం కొనే డబ్బుంటే దారానికీ కప్పలకూ పెట్టండి, కొర్రమీను వేటలో రీలుకు పని తక్కువ. చేప వంద మీటర్లు పరుగెత్తదు, అయిదు మీటర్లలో తేల్చేయాలని చూస్తుంది. అందుకే డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం ఊరికే జారకుండా పట్టి ఉంచే బ్రేకు, బిగువుగా ఉండాలి. షాపులో ఉన్న స్ప్రింగు కాంటాకు దారం కొన కట్టి, రాడ్డు పట్టుకొని లాగుతాను. నాలుగు కేజీల దగ్గర డ్రాగ్ జారడం మొదలవ్వాలి, అక్కడికి తిప్పి పెట్టుకుంటాను. అంచనాగా బిగించేకన్నా ఇది మేలు. రీలును ఇసుకలో పెట్టకండి. ఇంటికొచ్చాక సన్నటి నీటి ధారతో కడిగి, తుడిచి, హ్యాండిల్ బేరింగుకు ఒక బొట్టు పలచటి నూనె వేయండి. మోటర్లకు వేసే గట్టి గ్రీజు మాత్రం దీనికి వద్దు, బరువెక్కుతుంది.

బాస్ పట్టేవాళ్ళు ఎక్కువగా వాడే బైట్‌కాస్టర్ అనే ఇంకో రకం రీలు కూడా మావాడు వచ్చినప్పుడు వాడి చూశాను. నాచులోంచి లాగడానికి దాని బలం నిజంగా ఎక్కువ. అయితే అందులో స్పూలే తిరుగుతుంది. గాల్లో కప్ప వేగం తగ్గినా స్పూల్ తగ్గకపోతే దారం గూడు కట్టేస్తుంది, బొటనవేలితో అదుపు చేయాలి. రోజూ నీళ్ళ దగ్గర ఉండేవాళ్ళకు అది. వారానికొకసారి వెళ్ళేవాళ్ళకు స్పిన్నింగ్ రీలే హాయి.

మావాడు తెచ్చిన వాటిలో మెత్తటి ప్లాస్టిక్ పురుగులు కూడా ఉన్నాయి. కొక్కెం మొనను పురుగు ఒంట్లోనే దాచి కట్టే టెక్సస్ రిగ్ అనే పద్ధతి నాచులో చిక్కకుండా చక్కగా దిగుతుంది. కానీ కర్నూలు ఎండకు స్కూటర్ డిక్కీలో పెడితే అవి కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి, గట్టి ప్లాస్టిక్ ల్యూర్లతో కలిపి పెడితే వాటినీ పాడుచేస్తాయి. వచ్చిన కవర్లోనే ఉంచండి. మూడు మొనల కొక్కేలున్న క్రాంక్‌బైట్లు, అంటే చేప ఆకారంలో ఉండే గట్టి ల్యూర్లు, మన కాలువలకు దండగ. విసిరిన ప్రతిసారీ గుప్పెడు నాచు తెస్తాయి.

చిన్న సామాను నేను పాతబస్తీలో వలలు అమ్మే ఒక అంగట్లో కొంటాను. తంగూసు, సీసం గుండ్లు, స్వివెల్స్, విడి కొక్కేలు అన్నీ ఉంటాయి. ఆ అంగడాయన కొక్కేన్ని గోరు మీద గీసి చూపిస్తాడు. పదునున్నది గోరును పట్టుకుంటుంది, లేనిది జారిపోతుంది. "తీసుకో అన్నా, వంచి చూడు" అని చేతికిస్తాడు. బ్రెయిడ్, మంచి కప్పలు ఆయన దగ్గర అన్నివేళలా దొరకవు, అదొక్కటే లోటు. ఈ మధ్య కుర్రాళ్ళు అడుగుతున్నారని తెప్పిస్తున్నాడు.

సామాను కొనే ఉత్సాహంలో మరిచిపోయేవి కొన్ని ఉన్నాయి. చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్ళ బతుకు అది. ముందు అడగండి. ఒక్క కర్రతో సరదాకు వచ్చినవాణ్ణి వద్దన్నవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు, అడక్కుండా దిగితే మాత్రం కోపం రావడం న్యాయమే. తుంగభద్రలో మొసళ్ళున్నాయి, కప్ప చిక్కుకుందని నడుం లోతు నీళ్ళలోకి దిగకండి, దారం తెంపేయండి. వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రగా, నారింజ రంగులో పిల్లల గుంపు బుడబుడమంటూ కదులుతుంటే దాని కింద పెద్ద కొర్రమీను కాపలా ఉన్నట్టు. అందులో కప్ప వేస్తే అది ఆకలితో సంబంధం లేకుండా పిల్లల కోసం మీద పడుతుంది, ఖాయంగా దొరుకుతుంది. అట్లా పట్టడం నాకు సమ్మతం కాదు. దాన్ని తీసేస్తే ఆ గుంపును మిగతా చేపలు గంటల్లో తినేస్తాయి. బాస్ కూడా ఇట్లాగే పిల్లలను కాస్తుంది, అక్కడ మగచేప. ఆ రోజుల్లో దొరికినా వెనక్కి వదిలేసేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారని మావాడు చెప్పాడు. మిగతా కాలంలో ఇంటికి కావలసినంత ఒకటో రెండో తెచ్చుకుంటాను. కొర్రమీను పులుసు, రాగి సంగటి ఉన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ బయట తినరు.

పిండి ముద్దతో రోహు, బొచ్చె పట్టేవాళ్ళకు ఈ సెట్టు ఉన్నదున్నట్టు సరిపోదు. వాటి పెదవి మెత్తన, ఇంత గట్టి రాడ్డుకు సాగని దారం కడితే కొక్కెం చీల్చుకొని వచ్చేస్తుంది. వాళ్ళు మీడియం పవర్ రాడ్డు తీసుకొని, ఇదే రీలు మీద 12 పౌండ్ల తంగూసు ఎక్కించుకొని, డ్రాగ్ బాగా వదులు చేసుకుంటే చాలు. ఆ చేపలు పరుగెత్తుతాయి కాబట్టి రీలు డ్రాగ్‌కు అసలు పని వాళ్ళ దగ్గరే పడుతుంది.